నీళ్లు ఎడమ కాలికి తగలాలి

కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన రెండో చలికాలంలో నన్ను కువైట్‌లోని మహబూలా క్యాంపుకు వెల్ఫేర్ ఆఫీసరుగా మార్చారు. అంతకు ముందు అదే కంపెనీలో సేఫ్టీ విభాగంలో ఉండేవాణ్ణి. ఏసీలు, పైపులు, లిఫ్టులు బాగుచేసే మెయింటెనెన్స్ కంపెనీ మాది. క్యాంపు అంటే గుడారాలు కావు, గదికి ఆరేడుగురు చొప్పున కార్మికులు ఉండే అపార్ట్‌మెంట్లు. అక్కడ తిండీ నీళ్లూ మంచాలూ చూసేవాడు క్యాంప్ బాస్. ఆయనకు పైన, హెచ్ఆర్ మేనేజరుకు కింద ఉండేవాడు వెల్ఫేర్ ఆఫీసరు. జబ్బులు, గొడవలు, ఊళ్లో చావు కబుర్లు, నివాస పర్మిట్లయిన ఇఖామాల తంటాలు, అన్నీ మా బల్ల మీదికే వస్తాయి. వాటితోపాటు శుక్రవారం షికార్లు కూడా.

ఈ చివరి పని విని నవ్వేవాళ్లుంటారు. నవ్వితే నవ్వండి. సేఫ్టీలో ఉన్నన్నాళ్లూ నేను చూసిందేమిటంటే, సైటు మీద జరిగే ప్రమాదాల కంటే సెలవు రోజు గదిలో జరిగే ప్రమాదాలు మనిషిని ఎక్కువ దెబ్బ తీస్తాయి. వారమంతా పనిచేసిన వాడు శుక్రవారం ఫోను పట్టుకుని, గోడకేసి తిరిగి పడుకుని, సాయంత్రానికి పక్క మంచం వాడి గొంతు పట్టుకుంటాడు. అందుకే వాళ్లను బస్సెక్కించి ఏదో ఒక చోటికి తిప్పుకు రమ్మని కంపెనీ రూలు పెట్టింది. బస్సు, డీజిలు కంపెనీవి. టిక్కెట్టు ఉన్న చోటికి మాత్రం తీసుకెళ్లకూడదు.

కువైట్‌లో ఉచితంగా చూడదగ్గ చోట్లు చాలానే ఉన్నాయి గానీ, మా వాళ్లకు అన్నీ పనికిరావు. కొన్ని పార్కులూ మాల్సూ శుక్రవారం కుటుంబాలకే. గుంపుగా వచ్చిన మగవాళ్లను చూడగానే గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెడతాడు. వాళ్ల లెక్కలో వీళ్లు బ్యాచిలర్లు. ఊళ్లో పెళ్లాం, పెళ్లికెదిగిన కూతురు ఉన్నా సరే, ఇక్కడ బ్యాచిలరే. అందుకని ప్రతి చోటికీ ముందు నేనొక్కణ్ణే వెళ్లి చూసొచ్చేవాణ్ణి. బస్సు ఆపడానికి జాగా ఉందా, మరుగుదొడ్డి ఉందా, ఎవరైనా వచ్చి పొమ్మంటారా, జుమ్మా నమాజుకు వెనక్కి చేరగలమా, ఇవన్నీ చూసుకుని గానీ మెస్సు తలుపు మీద నోటీసు అంటించేవాణ్ణి కాదు. ఎగైలా సముద్రపు ఒడ్డు, శుక్రవారం సంత, చలికాలంలో గాలిపటాల పండగ, ఇలా తిరుగుతుండేవాళ్లం.

ఆ జనవరిలో సులైబిఖాత్ వైపు తీరం ఎంచుకున్నాను. అక్కడ సముద్రం ఆటు సమయంలో చాలా దూరం వెనక్కి పోతుంది. మైలు మేర బురద బయటపడుతుంది. చలికాలంలో దాని మీద ఫ్లెమింగోలు దిగుతాయి. వాటిని చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆటుపోటుల పట్టిక చూసుకుని, ఉదయం ఆటు ఉండే శుక్రవారం పెట్టాను. ఒడ్డు నుంచి కొంత దూరంలో గట్టి నేల ఉన్నంతవరకూ ఎర్ర జెండాలు పాతించాను. జెండాలు దాటకూడదు. ఎవరూ ఒంటరిగా నడవకూడదు, జతగానే ఉండాలి. మూడు పొడుగాటి ఈలలు వినబడితే ఎక్కడిదక్కడ వదిలేసి బస్సు దగ్గరికి రావాలి. ఒక్కొక్కరు ఒక చుట్టాన్ని వెంట తెచ్చుకోవచ్చు, సివిల్ ఐడీ కార్డు చూపిస్తే చాలు.

సత్యం మా దగ్గర పైప్ ఫిట్టరు. కోనసీమవాడు, సముద్రానికి దగ్గర ఊరు. నలభై దాటిన మనిషి, ఒళ్లంతా కండ, నోరంతా వేళాకోళం. అతని భార్య నాగమణి రుమైథియాలో ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, ఆమెను నెలకొక శుక్రవారం మధ్యాహ్నం దాకా వదిలేది. ఆ రోజే మొగుడూ పెళ్లాలు కలుసుకోవడం. ఒకే దేశంలో ఉండి, నెలకొకసారి కంపెనీ బస్సులో పక్కపక్కన కూర్చుని పల్లీలు తినేవాళ్లు. ఆ రోజు నాగమణి సత్యానికి చుట్టంగా వచ్చింది. ఆమె తమ్ముడు దొరబాబు ఇంకో ఫిట్టరుకు చుట్టంగా వచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు, ఫర్వానియాలో ఏదో గ్యారేజీలో పనిచేస్తున్నాడన్నారు. కార్డు చూపించాడు, గడువుంది, ఎక్కమన్నాను. వీసా ఇచ్చిన యజమాని, అంటే కార్డు మీద ఉన్న కఫీల్ దగ్గరే పనిచేస్తున్నాడా అని నేను అడగలేదు. అలాంటివి అడగడం మొదలుపెడితే శుక్రవారం బస్సులో డ్రైవరూ నేనూ మిగులుతాం.

ఒడ్డు చేరేసరికి ఎండ బాగానే ఉంది. పక్షులు దూరంగా గులాబీ రంగు గీతలా కనబడుతున్నాయి. మావాళ్లు ఇడ్లీలు తింటూ ఫోటోలు తీసుకుంటున్నారు. సత్యం మాత్రం బురద మీది బొరియలు చూసి ఆగలేకపోయాడు. బైండింగ్ వైరుతో కొక్కెం ఒకటి చేసుకుని సంచిలో పెట్టుకొచ్చాడు. నాగమణికి పీతల పులుసంటే ప్రాణమట. నేను జెండాలు చూపించాను.

"మీరు రాళ్లల్లో పుట్టినోరండి ఖాదర్‌గారూ. మాకు బురదంటే పెరడేనండి. పెరట్లోకెళ్లడానిక్కూడా జెండాలేటండి బాబూ?" అని నవ్వాడు.

"నీకు పెరడయితే కానీయ్. జెండా దాటితే మాత్రం ఈ చలికాలమంతా నీకు బస్సు లేదు" అన్నాను. నాది రాయచోటి. సముద్రాన్ని మొదటిసారి చూసింది విమానంలోంచి. ఆ సంగతి క్యాంపులో అందరికీ తెలుసు.

"ఆయ్" అని తలూపి, దొరబాబును వెంటేసుకుని వెళ్లాడు.

పొగమంచు సముద్రం వైపు నుంచి వచ్చింది. చలికాలంలో అక్కడ మామూలే గానీ తెల్లవారుజామున పట్టి, ఎండెక్కేకొద్దీ విడిపోతుంది. ఇది ఎండలోనే వచ్చింది. ముందు పక్షులు మాయమయ్యాయి. డ్రైవర్ మస్తాన్, కడపవాడు, నా భుజం తట్టి, "సార్, జెండాలు కూడా కనపడ్డంలేదు సూడు" అన్నాడు. అప్పటికే నేను ఈల తీశాను. మూడు పొడుగాటి ఊదులు. జనం బిలబిలా వచ్చేశారు. మా లెక్క జతల లెక్క. ఒకడి పేరు పిలిస్తే వాడి జతవాడు పలకాలి. సత్యం పేరుకు ఎవరూ పలకలేదు.

ఆటు ముగిసి పోటు మొదలయ్యే వేళది. ఆ బురద చదునుగా ఉంటుంది కాబట్టి నీళ్లు అలలుగా రావు. ఉన్నట్టుండి పాదాల కింద తడి, కాసేపటికి చీలమండలు, ఆ తర్వాత మోకాళ్లు. మనిషి నడిచే వేగానికి తక్కువేమీ కాదు. పైగా ఒడ్డుకు దగ్గర్లోనే కొంచెం లోతైన పాయలుంటాయి. అవి ముందు నిండుతాయి. దూరాన ఉన్నవాడికి మోకాలి లోతు ఉండగానే, వాడికీ ఒడ్డుకీ మధ్య నిలువు లోతు తయారవుతుంది.

సత్యానికి ఫోన్ చేశాను. తీశాడు. హమ్మయ్య అనుకున్నాను.

"సత్యం, యాడుండావు?"

"వచ్చేత్తన్నామండి. కంగారు పడకండి. పీతలు కూడా దొరికాయండి."

"జెండా దాటినావా?"

"బొరియలన్నీ అవతలే ఉన్నాయండి" అన్నాడు. దాటాడన్నమాట. ఒళ్లు మండిపోయింది గానీ తిట్టడానికి అది సమయం కాదు. ఏమైనా కనబడుతోందా అని అడిగాను. చెయ్యి చాపితే చెయ్యి కనబడటం లేదన్నాడు. ఒడ్డు ఎటుందో ఎలా తెలుసన్నాను.

"పోటు మొదలైంది కదండీ. నీరెటు పరిగెడితే అటే ఒడ్డు. చిన్నప్పటి నుంచీ మంచులో అలాగే ఇళ్లకొచ్చేవోళ్లవండి" అన్నాడు.

వినడానికి సబబుగానే ఉంది. కానీ సేఫ్టీలో పనిచేసిన పాత అలవాటు ఒకటుంది, చెప్పింది విన్నాక కళ్లతో చూసుకోవాలి. లొకేషన్ పంపమన్నాను, అది కూడా కదులుతుంటే కనబడేలా పంపమన్నాను. వేళ్లకు బురద ఉండటంతో ఫోను పలకలేదట. నెత్తికి తుడుచుకుని మళ్లీ నొక్కాడు. వచ్చింది. మ్యాపులో కింద ఒడ్డు, పైన సముద్రం. మధ్యలో చుక్క. నేను, మస్తాన్, నాగమణి ముగ్గురం ఆ చుక్క మీదకు వంగాం. చుక్క కదిలింది. కిందికి రాలేదు. ఎడమకు పోయింది.

కాసేపు ఆగి చూశాను. ఇంకా ఎడమకే. ఒడ్డుకు అడుగు కూడా దగ్గర కాలేదు.

విషయం తర్వాత నాకు ఒక కువైటీ జాలరి విడమరిచి చెప్పాడు. కోనసీమలో పోటు నీరు సముద్రం నుంచి కాలవల్లోకి, కాలవల నుంచి ఊళ్ల వైపుకు ఎక్కుతుంది. దాని వెంట నడిస్తే ఇల్లు చేరతారు. ఇక్కడ సముద్రం ఒక గిన్నెలాంటి అఖాతం, దాని మూతి తూర్పున ఉంది. నీళ్లు తూర్పు నుంచి వచ్చి ఒడ్డు పక్కగా పడమటికి పరిగెడతాయి. వాటి వెంట నడిచేవాడికి ఒడ్డు ఎడమచేతి పక్కన ఉంటుంది గానీ, ఎంత నడిచినా దగ్గరకు రాదు. నాలాంటి రాయచోటి వాడయితే పొగమంచులో దిక్కు తెలియక నిలబడి కేకలేసేవాడు. సత్యానికి నీళ్లు తెలుసు కాబట్టే తప్పు దారిన ధైర్యంగా నడుస్తున్నాడు.

"సత్యం, ఆగు. నువ్వు ఒడ్డుకు రాడంలేదు. పక్కకు పోతాండావు."

"ఫోన్లు తప్పు చూపిత్తాయండి. నీరు చూపించదండి."

"ఎంత లోతుంది?"

"మోకాళ్లండి." ఆ మాటలో వేళాకోళం లేదు.

అత్యవసర నంబరు 112కి ఫోన్ చేస్తున్నానని చెప్పాను. అంతే, అవతల గొంతు మారిపోయింది.

"వద్దండి! మీకు దణ్ణం పెడతానండి. బావమరిది మీద వాడి కఫీలు తగయ్యుబ్ కేసు పెట్టాడండి. పోలీసోళ్లు వేలిముద్ర తీసుకున్నారంటే ఖలాస్ అండి, పంపేత్తారు. మేం వచ్చేత్తాం. ఓ పది నిమిషాలు ఆగండి."

తగయ్యుబ్ అంటే పనివాడు చెప్పకుండా వెళ్లిపోయాడని యజమాని పెట్టే కేసు. అది ఉన్నవాణ్ణి పోలీసులు పట్టుకుంటే నేరుగా డిపోర్టేషన్ సెంటరుకు, అక్కణ్ణించి విమానానికి. మళ్లీ ఈ దేశం గడప తొక్కలేడు. దొరబాబు వచ్చి నిండా రెండేళ్లు కాలేదు. కేసు సంగతి నాకు తెలిసింది అప్పుడే.

నాగమణి నా చొక్కా చెయ్యి పట్టుకుంది. "ఆగండి సార్. ఆయనకి నీళ్లు తెలుసండి. కాసేపు చూడండి సార్. తమ్ముడు అప్పుడే వచ్చాడండి ఇక్కడికి" అంది. నీళ్లలో ఉన్నది మొగుడూ, తమ్ముడూ. ఫోన్ చేస్తే తమ్ముడి బతుకుదెరువు పోతుంది, చేయకపోతే ఇద్దరూ పోవచ్చు. ఆమె మొహంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది. నా ఫోన్ ఆమె చేతిలో పెట్టి, లైను కట్ చేయొద్దని చెప్పి, మస్తాన్ ఫోన్ తీసుకుని నడుస్తూ 112 కొట్టాను. ఆమె చొక్కా వదల్లేదు, నాతోపాటు నడిచింది. నేను ఆగలేదు. వచ్చిన అరబ్బీలో చోటు చెప్పాను. మనుషులిద్దరు, బురదలో, పోటు, పొగమంచు. అవతలి మనిషి నిదానంగా రెండుసార్లు అడిగి, తీర రక్షణ పడవ పంపుతున్నామన్నాడు. ఈ మంచులో ఆలస్యమవుతుందని కూడా చెప్పాడు.

"చేసేశాను సత్యం" అని ఆమె చేతిలోని ఫోన్లో చెప్పాను. చుక్క ఇంకా ఎడమకే పోతోంది. మస్తాన్‌ను బస్సు హారన్ కొట్టమన్నాను. వినబడుతోందా అంటే, నాలుగు వైపుల నుంచీ వినబడుతోందన్నాడు. పొగమంచులో చప్పుడు అంతే చేస్తుంది.

పడవ వచ్చేలోగా వాళ్లు ఇంకా పడమటికి పోతే పడవకు కూడా దొరకరు. దిక్కు మార్చాలి. మారమంటే వాడు వినడు. నేను అరిచాను, బతిమాలాను, ఉద్యోగం పీకిస్తానని బెదిరించాను. ఒక్కటీ చెవికెక్కలేదు. అప్పుడు నాగమణి చెప్పులు విడిచింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, తిన్నగా బురదలోకి నడిచింది.

"ఏవండోయ్, నేను దిగుతున్నానండి. ఈ నీళ్లు మనూరి నీళ్లు కాదండి. సారు ఎటు నడవమంటే అటు నడుత్తారా, నన్నక్కడికే రమ్మంటారా? చెప్పండి, నాకిప్పటికే మడమల దాకా వచ్చింది."

మస్తాన్ పరిగెత్తి ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. ఫోన్లోంచి సత్యం గొంతు గట్టిగా వినబడింది, "ఆగవే! ఆగు! దిగకు! ఎటు నడవాలో చెప్పమను."

నేను ఫోను అందుకుని స్పీకరులో పెట్టాను. దక్షిణం అంటే ఆ మంచులో వాడికి తెలియదు. కుడి, ఎడమ అంటే ఎటు తిరిగి ఉన్నాడో నాకు తెలియదు. ఒక్కటే ఇద్దరికీ తెలిసింది, నీటి పరుగు. "సత్యం, ఇప్పుడు నీళ్లు నీ వెనక నుంచి తోస్తాండాయి కదా?" అన్నాను. అవునన్నాడు. "ఎడమకు తిరుగు. నీళ్లు నీ ఎడమ కాలికి అడ్డంగా తగలాల. అట్లనే నడు. తోసినా సరే వాలొద్దు. దొరబాబు చెయ్యి వదలొద్దు."

చుక్క ఆగింది. ఆ తర్వాత కిందికి కదిలింది. నాగమణి "వస్తన్నారు, వస్తన్నారు" అని ఏడుస్తూ నవ్వింది. చుక్క ఇంకా కిందికి వచ్చింది. ఒడ్డుకు బాగా దగ్గర పడింది. అప్పుడు సత్యం, "అడుగు అందట్లేదండి ఇక్కడ. పాయలా ఉందండి" అన్నాడు. ఎంత లోతని అడిగాను. "ఇప్పుడు నుంచున్నచోట రొమ్ము దాకా ఉందండి. ముందుకేస్తే..." అంతవరకే. ఫోను తడిసిందో, చెయ్యి జారిందో, లైను పోయింది. చుక్క కూడా అక్కడే నిలిచిపోయింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు, గడవడానికే ఎక్కువ పట్టింది. హారన్ ఆపించాను. ఒక ఈల ఊదడం, ఊపిరి బిగబట్టి వినడం, మళ్లీ ఊదడం. బస్సులోని వాళ్లంతా ఒడ్డున నిలబడ్డారు, ఒక్కడు కూడా దగ్గలేదు. ఎడమ వైపు ఎక్కడి నుంచో మనిషి కేక వినబడింది. మేం అటు పరిగెత్తాం. కనబడదు గానీ వినబడుతోంది, దొరబాబు గొంతు, "అక్కా" అని. నాగమణి బదులు పలుకుతూనే ఉంది. కాసేపటికి ఇంజన్ చప్పుడు, తెల్లటి మంచులో పసుప్పచ్చ దీపం, అరబ్బీలో కేకలు. పడవవాళ్లు మా కేకలు పట్టుకుని, ఒడ్డు నుంచి రాయి విసిరితే అందేంత దూరంలో ఇద్దర్నీ లాగి ఎక్కించారు. నీళ్లు గెడ్డం దాకా వచ్చి ఉన్నాయట. సత్యం దొరబాబును భుజం మీదికి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడట. పీతల సంచి ఎప్పుడో వదిలేశారు.

రోడ్డు మీద అప్పటికే పోలీసు బండి ఆగి ఉంది. దుప్పట్లు కప్పారు, వేడి టీ ఇచ్చారు, ఆ తర్వాత సివిల్ ఐడీలు అడిగారు. మర్యాదగానే అడిగారు. దొరబాబు కార్డు తీసుకున్న అధికారి తన చేతిలోని మిషనులో చూసి, ఇంకోసారి చూసి, నా వైపు తిరిగాడు. కంపెనీ తరఫున, మానవత్వం తరఫున, నాకు తెలిసిన అరబ్బీ అంతా వాడాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. దొరబాబు అక్క కాళ్లకు దణ్ణం పెట్టి బండెక్కాడు. నెల తిరక్కుండా పంపేశారు. నాగమణి మామాకు నేనే ఫోన్ చేసి ఆలస్యానికి కారణం చెప్పాను. ఆమె విని, మంచిదే, పిల్లను జాగ్రత్తగా దించమంది.

సత్యం ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. కొన్నాళ్లకు వేరే క్యాంపుకు బదిలీ అడిగాడు. కాగితాల మీద సంతకానికి నా గదికొచ్చినప్పుడు మాత్రం నోరు విప్పాడు. "ఆ పాయ మేం ఈదేవోళ్లవండి. గోదాట్లో ఈదినోళ్లం. మీరు కంగారు పడి ఫోన్ చేసేశారు. లేకపోతే వాడు ఇవాళ ఇక్కడే ఉండేవోడు."

"అయ్యుండొచ్చు" అన్నాను. నిజంగానే అయ్యుండొచ్చు. ఈదేవాళ్లో, మునిగేవాళ్లో నాకు ఇప్పటికీ తెలియదు. సంతకం పెట్టి ఇచ్చాను.

నాగమణి మాత్రం మరుసటి నెల షికారుకు ఒక్కతే వచ్చింది. బస్సు దిగేటప్పుడు, తమ్ముడెలా ఉన్నాడని అడిగాను. "మీ మీద మండిపడతన్నాడండి. ఫోన్ చేసినప్పుడల్లా మిమ్మల్ని తిడతాడు. నేను ఆపనండి సార్. తిట్టనీయండి. వాడి గొంతు వింటన్నాను కదా" అంది.

నేను రిటైరయ్యే ముందు నా స్థానంలోకి వచ్చిన ఆఫీసరుకు పని అప్పగిస్తూ ఈ సంగతంతా చెప్పాను. జెండాలు, ఈలలు, జతల లెక్క అన్నీ రాసుకున్నాడు. ఆపదలో ఉన్నవాళ్లను గానీ, ఒడ్డున ఉన్న వాళ్ల మనుషుల్ని గానీ అడిగి 112 కొట్టకూడదు, కొట్టేసి చెప్పాలి అన్నాను. వాళ్లు వద్దంటే ఏం చేయాలని అడిగాడు.

వద్దనే అంటారు, కొట్టు, అన్నాను.